పొద్దుతిరుగుడు పూలన్నీ తూర్పుకే నిలబడ్డయ్, హార్మోన్ మందు కొట్టాల్నా?

కల్వకుర్తి రైతు: అన్నలూ, యాసంగిల నల్లరేగడిల పొద్దుతిరుగుడు ఏసిన, మొగ్గ మీదున్నప్పుడు పొద్దుతోని మంచిగనే తిరిగింది, ఇప్పుడు పూలు విచ్చుకున్నయ్ గానీ అన్నీ తూర్పు మొకాన్నే ఉన్నయ్, సాయంత్రమైనా కదుల్తలేవ్. మందుల షాపాయన హార్మోన్ తక్కువైంది, జిబ్బరెల్లిన్ కొట్టు, లేకుంటే నడుమ గింజ తాలు పోతది అంటుండు. పోయినేడు గూడ నడుమంత తాలే. ఏం చేయాలె?

పాలెం తమ్ముడు: ఆ బాటిల్ కొనకు అన్నా. తిరుగుడు ఆగుడు రోగం గాదు, ముదురుడు. లేత మొక్కల పగలు కాండానికి తూర్పు పక్క ఎక్కువ సాగుతది, అందుకే తల పడమరకు పోతది, రాత్రి పడమర పక్క సాగి మళ్ల తూర్పుకు తెస్తది. ఈ సాగుడుల ఆక్సిన్, జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోన్లు రెండూ ఉంటయ్, జిబ్బరెల్లిన్ సరిగ తయారుగాని పొట్టి మొక్కలైతే సక్కగ తిరగయ్ గూడ. కానీ పువ్వు విచ్చేటాళ్లకు కాండం ఎదుగుడే బందైతది, ఇగ తిరిగేదేంది. 2016ల కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు కొన్ని పూలను పడమరకు తిప్పిపెట్టి చూసిన్రు, తూర్పు మొకం పూలు పొద్దుగాల జల్ది వేడెక్కి, వాటి మీదికి ఐదు రెట్లు ఎక్కువ తేనెటీగలొచ్చినయ్. అంటే నీ చేను బరాబరే ఉంది.

తాలు సంగతి వేరే. పువ్వును దగ్గర పెట్టుకొని చూడు, నడుమ ఉన్నయన్నీ చిన్న చిన్న పూలే, అంచు నుంచి లోపలికి వరుసలు వరుసలుగ విచ్చుతయ్. పొద్దుగాల ఒక నల్లటి గొట్టం పైకొస్తది, అది పుప్పొడి తిత్తులు కలిసింది, లోపల కీలం, అంటే ఆడ భాగం కాడ, సిరంజిలెక్క పుప్పొడిని పైకి తోస్తది, దాని కొన, కీలాగ్రం, రెండు పాయలై పుప్పొడి పట్టుడు మాత్రం ఆ తర్వాతి రోజుకే. అంటే ఒక చిన్న పువ్వు తన పుప్పొడి తోని తనే పని గానిచ్చుకునుడు కష్టం, తేనెటీగ రావాలె. నడుమ పూలు చివర్ల విచ్చుతయ్, అప్పటికి తేనెటీగలు తక్కువైనా, భూమి ఎండినా, బోరాన్ లోటున్నా దెబ్బ పడేది అక్కడనే. పూత మీద పురుగుమందు కొడితే తేనెటీగలు పోతయ్, తప్పదంటే సాయంత్రం కొట్టు.

మిర్యాలగూడ నుంచి: నడుమల అడుగుతున్న, మా చేను గట్టు మీద కరెంట్ లైట్ రాత్రంత ఎలుగుతది, దానికేమన్న అయితదా?

పాలెం తమ్ముడు: మంచి డౌటే. ఆ నల్ల గొట్టాన్ని పైకి తెచ్చే కేసరం కాడలు, అంటే పుప్పొడి తిత్తులను మోసే కాడలు, రాత్రి చీకట్లనే సాగుతయ్, ఆక్సిన్ వాటిని సాగదీస్తది, వెలుతురు పడితే ఆ సాగుడు తగ్గుతది, ల్యాబ్‌ల చూసినరు. అందుకే తెల్లారేసరికి పుప్పొడి తయారుంటది. కానీ చేనంత తాలు పోతే ఆ ఒక్క బల్బు మీద నెపం పెట్టకు.

కల్వకుర్తి రైతు: మరి మందు వద్దంటే చేతితోనేమన్న చేయొచ్చా? బోరాన్ కోసం బోరాక్స్ ఇప్పుడు కొట్టనా, అంచు పసుపు రేకలు విచ్చి వారమైంది.

పాలెం తమ్ముడు: లేటైంది అన్నా. లీటరు నీళ్లకు 2 గ్రాముల బోరాక్స్ ఆ రేకలు విచ్చేటప్పుడే కొట్టాలె, ముందుగాల కొన్ని వేడినీళ్లల్ల కరిగించి. ఇప్పుడైతే పొద్దుగాల 8 నుంచి 11 లోపల మెత్తటి గుడ్డ చేతికి చుట్టుకొని ఒక పువ్వు మీద రుద్ది ఇంకో దాని మీద రుద్దు, రోజు విడిచి రోజు, నడుమ వరుసలు విచ్చేదాకా. భూమిల తడి ఆరనియ్యకు.