కొత్త రాకెట్‌కు పాత 1553 డేటా బస్ చాలదా?

తోకచుక్క:
రాకెట్‌లోని పెట్టెలన్నీ మాట్లాడుకునే ఉమ్మడి తీగ (డేటా బస్) కోసం, సెకనుకు 10 లక్షల బిట్లు మాత్రమే మోసే మిల్-స్టాండర్డ్-1553బి ప్రమాణం ఇంకా ఎందుకు? ఆరియాన్ 6 రాకెట్, ఒరాయన్ వ్యోమనౌక టైమ్-ట్రిగర్డ్ ఈథర్‌నెట్‌కు (ఏ సందేశం ఎప్పుడు వెళ్లాలో ముందే రాసిన కాలపట్టికతో నడిచే నెట్‌వర్క్) వెళ్లిపోయాయి. 1970ల నాటి తీగ మీద ఇంత మమకారమా?

పాతకాపు:
మళ్లీ వేగమేనా! లెక్క కట్టండి. 16 బిట్ల విలువలు 100, సెకనుకు 100 సార్లు పంపితే 1,60,000 బిట్లు. సింక్ (మొదలు గుర్తు), పారిటీ (తప్పు పట్టే బిట్) కలిపి పదానికి, అంటే ఒక్కో విలువకు, 20 బిట్లనుకున్నా 2 లక్షలే. ఒక సందేశంలో 32 పదాలు పడతాయి కనుక ఆదేశాలు, జవాబులు చేరినా బస్ సగం నిండదు. రాకెట్‌కు కావలసింది సమయానికి చేరడం. బస్‌ను నడిపే కంట్రోలర్ అడిగితేనే టెర్మినల్ (తీగకు తగిలించిన పెట్టె) నోరు విప్పుతుంది, అదీ క్రమశిక్షణ.

తోకచుక్క:
ఆ కంట్రోలరే మూగబోతే?

పాతకాపు:
రెండోది ఉంటుంది. తీగలూ రెండే.

నీలిమేఘం:
రెండుంటే సరిపోతుందా? 1996 జూన్ 4న తొలి ఆరియాన్ 5 రాకెట్‌లో ఇనర్షియల్ యూనిట్లు (రాకెట్ దిశ, కదలిక కొలిచే పెట్టెలు) రెండుండేవి. రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి రెండూ ఆగాయి. ఆగిన యూనిట్ పంపిన లోపసూచనను కంప్యూటర్ నిజమైన కొలత అనుకుని ఇంజిన్ నాజిళ్లను తిప్పేసింది.

పాతకాపు:
అంటే తీగ తప్పేమీ లేదు. నా మాటే కదా!

ఆకాశదీపం:
ఇద్దరూ ఒకటే చెబుతున్నట్టుంది.

తోకచుక్క:
లేదు. ఒక పెట్టెకు పిచ్చెక్కి ఆగకుండా మాట్లాడితే 1553లో అందరి గొంతూ నొక్కుకుపోతుంది. ఈథర్‌నెట్‌లో స్విచ్ దాన్ని అడ్డుకుంటుంది.

పాతకాపు:
800 మైక్రోసెకన్లు దాటితే ప్రసారాన్ని ఆపే టైమర్ 1553లో ఉంది. ముందు చదవండి.

తోకచుక్క:
చదివాను. ఆ టైమర్ ఉండేది పిచ్చెక్కిన పెట్టెలోనే. దొంగ చేతికి తాళాలు!

పాతకాపు:
అయితే నా అనుభవమూ వినండి. ఒక సంస్థలో పరీక్షల బృందంలో ఉండేవాణ్ణి. నియంత్రణ, కెమెరా రెండూ ఒకే ఈథర్‌నెట్‌లో. కెమెరా వాళ్లు ఫ్రేము పరిమాణం మార్చినప్పుడల్లా కాలపట్టిక మొత్తం తిరగరాసి, మళ్లీ పరీక్షించాలి. 'చిన్న మార్పే' అని గడువు ఇచ్చేవారు కాదు. చివరికి ఆలస్యానికి కారణం మేమేనని నివేదికలో రాశారు.

తోకచుక్క:
కెమెరాను కాలపట్టికలో ఎవరు పెట్టమన్నారు? అదే ఈథర్‌నెట్‌లో, ఖాళీ దొరికితే వెళ్లే సందేశాల తరగతి ఒకటుంది, వీడియో చోటు అక్కడ. అది నిర్వాహకుల తప్పు, నెట్‌వర్క్‌ది కాదు.

పాతకాపు:
ఒకే తీగ ఇస్తే నిర్వాహకులు చేసేది అదే. వేరు తీగలుంటే నా దాని జోలికి వాళ్లు రాలేరు.

తోకచుక్క:
వేరు తీగలంటే అదనపు బరువు, అదనపు కనెక్టర్లు. ప్రతి కనెక్టరూ ఊడగల చోటే.

నీలిమేఘం:
అంటే మీ గొడవ వేగం మీద కాదు. ఒక తీగను ఎందరు పంచుకోవాలన్నది.

పాతకాపు:
పంచుకున్నా ఫరవాలేదు. కాలపట్టిక మారితే పరీక్షల బృందం సంతకం లేకుండా ఎగరకూడదు. అంతే.

తోకచుక్క:
ఆ మాటే మొదట అని ఉంటే ఒప్పుకునేవాణ్ణి. బిట్ల లెక్కలన్నీ ఎందుకు?

పాతకాపు:
10 లక్షల బిట్లు అని మొదలుపెట్టింది మీరు.