రాజకీయ కుటుంబ కామెడీ తీస్తే మంత్రి వేషం ఎవరికి?

చిక్కడపల్లి ప్రేక్షకుడు: మంత్రిగారి ఇల్లు, ముగ్గురు అల్లుళ్ళు, నెత్తిమీద ఎన్నికలు. ఇలాంటి కథకు ఇప్పుడు మంత్రి ఎవరు? కోట శ్రీనివాసరావు పోయాక నాకు రావు రమేష్ తప్ప ఎవరూ తోచడం లేదు.

నాటకాల రావు: రావు రమేష్ బెదిరిస్తే బాగుంటుంది, బేరమాడితే కాదు. 'గణేష్' (1998)లో ఆరోగ్యశాఖ మంత్రిగా కోటను చూడండి. నవ్విస్తూనే ఒళ్ళు మండిస్తారు. పైగా 1999లో విజయవాడ తూర్పు నుంచి నిజంగానే ఎమ్మెల్యే అయ్యారు. ఆయన జోడీ బాబూమోహన్ కూడా ఆందోలులో గెలిచారు.

వెనక వరుస: మంత్రి అయింది బాబూమోహన్. కోట కాలేదు.

నాటకాల రావు: ఎమ్మెల్యే అన్నాను. మంత్రి అన్నానా? మళ్ళీ చదవండి.

వెనక వరుస: అడిగింది మంత్రి వేషం కదా.

శారద, అమీర్‌పేట: మంత్రిగారి భార్య సంగతి?

చిక్కడపల్లి ప్రేక్షకుడు: అది ఎవరైనా చేస్తారండీ. రెండు కాఫీ సీన్లు, ఒక ఏడుపు సీను.

శారద, అమీర్‌పేట: ఎవరైనా చేస్తారా! 2020 హైదరాబాద్ బల్దియా (నగరపాలక సంస్థ) ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం మహిళలవి. మా అత్తయ్య ఒక పార్టీ తరఫున నిలబడింది. ఫ్లెక్సీ నిండా చేతులు జోడించిన మామయ్య, మూలన పాస్‌పోర్టు ఫొటో అంత అత్తయ్య. హాల్లో కార్యకర్తలు ఆమె ప్రసంగం రాస్తుంటే, అభ్యర్థి వంటింట్లో వాళ్ళ టీ వడపోస్తోంది. ఇంతకంటే కామెడీ ఎక్కడ దొరుకుతుంది?

నాటకాల రావు: మీ ఇంటి గొడవకు కోట ఏం చేస్తారు? జనం డబ్బిచ్చేది నవ్వడానికి, ఉపన్యాసం వినడానికి కాదు.

శారద, అమీర్‌పేట: ఆమె కుర్చీలో కూర్చుని మామయ్య టీ వడపోస్తే నవ్వు రాదా? మంత్రి అనగానే మీ అందరికీ మగవాళ్ళ పేర్లే ఎందుకు తోచాయి?

నాటకాల రావు: ఎందుకంటే ఆడది అధికారం చేస్తూ, మొగుడు నవ్వులపాలైతే కుటుంబ ప్రేక్షకులు ఒప్పుకోరు. మా ఇంట్లోనే ఒప్పుకోరు.

శారద, అమీర్‌పేట: ఇంతసేపు కోటను అడ్డం పెట్టుకున్నది ఇందుకన్నమాట. మీ ఇంట్లో ఎవరిని అడిగారు? ఆవిడనా, మిమ్మల్ని మీరా?

వెనక వరుస: అది మాత్రం చెప్పి తీరాలి రావుగారూ.

చిక్కడపల్లి ప్రేక్షకుడు: గొడవెందుకు, మంత్రి రమ్యకృష్ణ. భర్త రావు రమేష్.

నాటకాల రావు: అలా అయితే రావు రమేష్ పనికిరారు. పెళ్ళాం మాటకు తలూపే వేషానికి సీనియర్ నరేష్‌ను పెట్టండి.