అప్‌డేట్: చలికాలం చీకట్లో లేవలేకపోతున్నానని అడిగాను కదా

తెల్లారకముందే లేవాల్సి వస్తోంది, అలారం ఆపేసి మళ్లీ దుప్పట్లో దూరిపోతున్నాను, ఏం చేయాలని నెల కిందట అడిగాను. ఇప్పుడు చాలావరకు దారిలో పడ్డాను.

అన్నిటికంటే పనిచేసింది వెలుతురు. కంట్లో గట్టి వెలుతురు పడితే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. మామూలు గది లైటు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) మాత్రమే ఇస్తుంది. అందుకే 10,000 లక్స్ లైట్ బాక్స్ (గట్టి వెలుతురిచ్చే దీపం) కొన్నాను. లేవగానే దాని ముందు 20, 30 నిమిషాలు కూర్చుంటున్నాను, సూటిగా దానిలోకి చూడకుండా. కంటి జబ్బులు, బైపోలార్ అనే మానసిక సమస్య ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి, ఇది దయచేసి మర్చిపోకండి.

రెండోది చలి. స్వెటర్, సాక్సులు రాత్రే దుప్పటి కింద కాళ్ల దగ్గర పెట్టుకుంటున్నాను. పొద్దున్నకి వెచ్చగా ఉంటాయి, పడుకునే తొడుక్కుంటాను. చల్లటి నేల మీద కాలు పెట్టాలన్న భయమే పోయింది.

సెలవు రోజుల్లోనూ అదే టైముకి లేవమన్నారు కొందరు. కష్టంగానే ఉంది, కానీ సోమవారాలు నిజంగా తేలికయ్యాయి. లేచాక అరగంట దాకా మత్తు ఇంకా ఉంటోంది. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.