రోజుకి అరగంటే దొరికితే, మనసు తేలికపడే అలవాటు ఏది ముందు మొదలెట్టాలి?

కోట_జంక్షన్ (విజయనగరం):
పని 10 నుంచి రాత్రి 8 దాకా. పొద్దున్న అరగంట, పడుకునే ముందు పది నిమిషాలు దొరుకుతాయి, అంతే. నడక, ధ్యానం, డైరీ అన్నీ కలిపి మొదలెడితే వారానికే అటకెక్కుతున్నాయి. 'ఈ రోజు మూడు మంచి విషయాలు' రాయడమైతే నాలుగో రోజుకే అమ్మ, ఆరోగ్యం, అన్నం అని మొక్కుబడి అయిపోతోంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
నడక ఉంచండి, మిగతావి ఇప్పటికి వదిలేయండి. నడక కాళ్ళకే అనుకుంటారు గానీ, అందులో సగం పని కళ్ళది. లేచిన గంటలోపు 20 నిమిషాలు ఆరుబయట ఉండాలి. మబ్బు పట్టిన రోజైనా బయట వేల లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) వెలుతురుంటుంది. గదిలో ట్యూబులైటు కింద కొన్ని వందలు దాటదు. ఆ వెలుతురు చూసే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకి వస్తుంది. నిద్ర కుదిరితే చిరాకు చాలామటుకు దానంతటదే తగ్గుతుంది. కిటికీ పక్కన కుర్చీ వేసుకుంటే చాలదు. అలాగని సూర్యుణ్ణి సూటిగా చూడకండి, అరసవల్లి దేవుడి మీద ఎంత భక్తున్నా సరే!

మన వైపు తెల్లారడం తొందర, జూన్‌లో ఐదున్నర లోపే. వేసవిలో 7 దాటాక బయల్దేరితే ఉక్కకి చొక్కా తడిసి, రెండో రోజే మానేస్తారు. 6 కల్లా పెద్ద చెరువు గట్టు మీదుండాలి. వేగం ఎంతంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రోజుకి 22 నిమిషాలైతే వారానికి 150 దాటుతుంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే కనీసం 150.

అటకెక్కడానికి కారణం వేళ ఖాయం చేసుకోకపోవడం. 'పొద్దున్నే నడుస్తాను' అంటే నిలవదు. 'టీ గ్లాసు కడిగి బోర్లించగానే చెప్పులు' అని రోజూ చేసే పనికి ముడెయ్యండి. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ చెడలేదు.

మూడు_లాంతర్లు (విజయనగరం):
నడకకి నా ఓటు కూడా. కానీ డైరీ వదలక్కర్లేదు, రోజూ రాయడం మానండి చాలు. సంతోషం మీద పరిశోధన చేసే మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా లుబోమిర్‌స్కీ బృందం ప్రయోగంలో వారానికి ఒక్కసారి రాసినవాళ్ళకే సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్ళకి లేదు. రోజూ అదే మాటైతే మనసు పట్టించుకోదు మరి. ఆదివారం రాత్రి కూర్చోండి. 'అమ్మ' అని రాయకండి. 'బుధవారం చద్దన్నంలోకి ఉల్లిపాయ కోసిచ్చి, మీగడంతా నా కంచం వైపే తోసింది' అని రాయండి. కింద ఇంకో వాక్యం: అదెందుకు జరిగింది? 'రాత్రి ఆలస్యంగా వచ్చానని గమనించింది కాబట్టి.' ఆ రెండో వాక్యం దగ్గరే అసలు పని జరుగుతుంది, చాలామంది దాన్నే వదిలేస్తారు.

ఇంకోటి. గట్టు మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎదురైనవాళ్ళని 'ఏటి బావూ, బాగున్నావా' అని ఒక్కరినైనా పలకరించండి.

టీ_బడ్డీ (బొబ్బిలి):
సాయంత్రం టీ సంగతి ఎవరూ అనలేదేటి? కెఫీన్ సగం దిగడానికే 5, 6 గంటలు. ఐదింటికి తాగినదాంట్లో సగం పదిన్నరకి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం 2 దాటాక ఆపి చూడండి. ఫోను ఛార్జరు వంటింట్లోకి మార్చండి. 'మరి అలారం?' అంటారు. మామూలు టేబుల్ గడియారం కొనుక్కోండి.

కోట_జంక్షన్:
వానాకాలం ఎలాగండీ?

నాగావళి_గట్టు:
గొడుగేసుకుని అరుగు మీద నిలబడినా వెలుతురు వెలుతురే. నడక ఇంట్లో మెట్ల మీద కానిచ్చేయండి. అయితే ఒక్క మాట: రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఇష్టమైన పనులూ సహించకపోతే అది అలవాట్లతో సరిపెట్టుకునేది కాదు, డాక్టరుకి చూపించాలి. ముందు మాట్లాడి చూద్దామనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఉచితం, ఏ వేళప్పుడైనా, తెలుగులోనే.