సెక్యూర్ బూట్ ఆపకుండ ల్యాబ్ మొత్తానికి నెట్‌వర్క్ మీదుగా ఉబుంటు: ఎట్ల చేయాలె, ఎక్కడ చిక్కుతది

ఓరుగల్లు_ల్యాబ్:
హన్మకొండల కాలేజీ ల్యాబ్. 60 సిస్టమ్‌లు, ఒక్కోదాంట్ల 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్. ఉబుంటు సర్వర్ 24.04 వేయాలె, పెన్‌డ్రైవ్ లేకుండ. సెక్యూర్ బూట్ (సంతకం లేని ఫైలును లేవనియ్యని కట్టడి) ఆపొద్దు. సొంతంగ కంపైల్ చేసిన ఐపీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) పెడితే ఫర్మ్‌వేర్ (బోర్డు మీదనే ఉండే ప్రోగ్రామ్) సెక్యూరిటీ వయొలేషన్ అని ఆపేస్తున్నది. ఏ దారి పట్టాలె అన్నా?

కాజీపేట_కేబుల్:
ఆపుడు సరైందే. ఆ ఫైలు మీద ఫర్మ్‌వేర్ నమ్మే సంతకం లేదు. షిమ్ (మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న మొదటి లోడర్) దారి పట్టు తమ్మీ. మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్‌తో ఫర్మ్‌వేర్ షిమ్‌ని చూస్తది, షిమ్ తన లోపలున్న కానానికల్ (ఉబుంటు కంపెనీ) సర్టిఫికెట్‌తో గ్రబ్‌ని (కెర్నల్‌ను ఎక్కించే లోడర్) చూస్తది, తర్వాత కెర్నల్ (ఉబుంటు గుండెకాయ) వంతు.

షిమ్-సైన్డ్ ప్యాకేజీల నుంచి సంతకం ఉన్న షిమ్ తీసుకో. గ్రబ్ సంతకాల ప్యాకేజీల పేరులో 'నెట్' ఉన్న గ్రబ్ వేరే ఉంటది, అదే కావాలె. మామూలు గ్రబ్ పెట్టకు. ఆ 'నెట్' గ్రబ్ పేరు గ్రబ్ఎక్స్64.ఈఎఫ్ఐ అని మార్చి షిమ్ ఉన్న ఫోల్డర్లనే పెట్టు, షిమ్ ఆ పేరునే అడుగుతది. రెండూ ఒకే విడుదలవి కావాలె.

డీఎన్ఎస్‌మాస్క్‌ల (ఐపీలు, బూట్ ఫైళ్లు ఇచ్చే సర్వర్ ప్రోగ్రామ్) ఆప్షన్ 93 (సిస్టమ్ తన రకం చెప్పే నంబర్) చూసి ఫైలు పంపు. 0 వస్తే పాత బయోస్, 7 వస్తే 64 బిట్ యూఈఎఫ్ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్), 16 వస్తే హెచ్‌టీటీపీ బూట్. 0 వచ్చినదానికి జవాబే ఇయ్యకు. ఆ పద్ధతిల సెక్యూర్ బూట్ అనేదే ఉండదు.

కరీంనగర్_నెట్:
స్విచ్ సంగతి మొదలే చూసుకోండి. స్పానింగ్ ట్రీ (స్విచ్‌లలో లూప్ పడకుండా చూసే పద్ధతి) మామూలుగా ఉంటే పోర్ట్ లేచేసరికి 30 సెకన్లు పడతాయి: 15 వినడానికి, 15 నేర్చుకోవడానికి. ఈలోగా ఫర్మ్‌వేర్ డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామా ఇచ్చే సేవ) అడిగి అడిగి వదిలేస్తుంది. ల్యాబ్ పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ నిరీక్షణ లేకుండా చేసే సెట్టింగ్) పెట్టండి. కాలేజీ రౌటర్ కూడా అదే వీల్యాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఐపీలు ఇస్తుంటే రెండు జవాబులూ కొట్టుకుంటాయి. ప్రాక్సీ డీహెచ్‌సీపీతో (ఐపీ ఇవ్వకుండా బూట్ సమాచారమే ఇచ్చేది) సర్దవచ్చు, కానీ ఇన్‌స్టలేషన్‌కు వేరే వీల్యాన్ పెట్టడమే నా సలహా. కారణం భద్రకాళి_బండ్ గారు చెప్తారు, ఆయన ఈ విషయంలో పట్టువదలరు.

భద్రకాళి_బండ్:
వదలను, ఎందుకంటే ఇక్కడే అందరూ పొరపడతారు. సెక్యూర్ బూట్ చూసేది షిమ్, గ్రబ్, కెర్నల్ వరకే. ఇనిట్‌ఆర్‌డీని (కెర్నల్‌తో పాటు మొదట ఎక్కే ఫైళ్ల మూట) చూడదు. కెర్నల్‌కు ఇచ్చే కమాండ్ లైన్‌ను చూడదు. గ్రబ్ కాన్ఫిగ్, ఆటోఇన్‌స్టాల్ (ఎవరూ కూర్చోకుండా సాగే ఇన్‌స్టలేషన్) జవాబుల ఫైలు, ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ డిస్క్ ఫైలు), వీటిలో ఏదీ దాని పరిధిలో లేదు. డీహెచ్‌సీపీకి గానీ, యూడీపీ 69 మీద నడుస్తూ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీకి గానీ అవతలివాడు ఎవరో తేల్చే పద్ధతే లేదు. ల్యాబ్‌లో ఒక పిల్లవాడు తన ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌మాస్క్ నడిపి మీకంటే ముందు జవాబిస్తే చాలు, అసలైన సంతకాలున్న కెర్నలే అతని ఇనిట్‌ఆర్‌డీతో లేస్తుంది. తెర మీద ఒక్క ఎర్రగీత కూడా కనిపించదు.

కాబట్టి ముందు స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మని పోర్టుల నుంచి వచ్చే డీహెచ్‌సీపీ జవాబులను ఆపే సెట్టింగ్). సర్వర్ పోర్ట్ ఒక్కటే ట్రస్టెడ్. వీల్యాన్‌లో ఇతర పరికరం ఉండకూడదు, పని అయ్యాక దాన్ని మూసేయండి.

ఇంకా గట్టిగా కావాలంటే కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ, కమాండ్ లైన్ మూడింటినీ ఒకే ఫైలుగా యూకిఫై అనే పనిముట్టుతో కట్టి, మీ తాళంతో సంతకం చేయండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపలి కమాండ్ లైనే చెల్లుతుంది, బయటినుంచి ఇచ్చింది పట్టించుకోదు. అయితే మీ సర్టిఫికెట్‌ను 60 ఫర్మ్‌వేర్లలో ఎక్కించాలి, ఒక్కోదాని దగ్గర కూర్చోవాల్సిందే.

జవాబుల ఫైలులో రహస్యం ఏదీ పెట్టకండి. ఆ వీల్యాన్‌లో ఉన్న ఎవరైనా బ్రౌజర్‌తో తెరవగలరు. పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను మార్చి దాచిన రూపం) అయినా ఇంటికి పట్టుకెళ్లి తీరిగ్గా విరగ్గొట్టవచ్చు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) పబ్లిక్ కీ పెట్టి, పాస్‌వర్డ్‌తో లాగిన్ మూసేసి, మిగతావి తర్వాత ఆన్సిబుల్ అనే, చాలా సిస్టమ్‌లను ఒకేసారి సర్దే పనిముట్టుతో పంపండి.

గోదావరిఖని_షిఫ్ట్:
ఆటోఇన్‌స్టాల్‌ల చిక్కేవి ఇవి.

గ్రబ్ లైన్ల నోక్లౌడ్ చిరునామాకు (జవాబుల ఫైళ్లు ఎక్కడున్నయో చెప్పేది) ముందు సెమికోలన్ ఉంటది. కోట్స్ పెట్టకపోతే గ్రబ్ దాన్ని అక్కడికే తెగ్గొడ్తది, చిరునామా కెర్నల్‌కు చేరదు. ఇన్‌స్టాలర్ భాష అడుగుకుంట కూర్చుంటే ఇదే కారణం అనుకో. యూజర్-డేటాతోపాటు (జవాబుల ఫైలు ఇదే) మెటా-డేటా ఫైలు కూడా ఉండాలె, ఖాళీగ ఉన్నా సరే. కమాండ్ లైన్ల 'ఆటోఇన్‌స్టాల్' అనే మాట లేకపోతే డిస్క్ తుడిచే ముందు అవునా కాదా అని అడిగి ఆగుతది.

ఐఎస్ఓ ర్యామ్‌లకు దిగుతది. 'యూఆర్ఎల్' అని ఇచ్చిన చిరునామాను క్లౌడ్-ఇనిట్ (ఆ జవాబుల ఫైలు చదివే ప్రోగ్రామ్) తనదే అనుకొని ఐఎస్ఓను మళ్ల గుంజుతది. అందుకే క్లౌడ్-కాన్ఫిగ్-యూఆర్ఎల్‌ను డెవ్-నల్‌కు (ఏమీ లేని ఖాళీ దారి) మళ్లించుండ్రి. 8 జీబీల సాఫీగ నడుస్తది, 4 జీబీ ఉన్నవాటి మీద ఆశ పెట్టుకోకు.

అన్నిటికంటే నష్టం చేసేది: ఏ డిస్కో చెప్పకపోతే ఇన్‌స్టాలర్ అతి పెద్దదాన్ని ఎంచుకుంటది. నీ ల్యాబ్‌ల అది 1 టీబీ హార్డ్ డిస్క్. పిల్లల ఫైళ్లన్నీ పోతయ్. స్టోరేజ్ లేఅవుట్‌ల మ్యాచ్ కింద ఎస్‌ఎస్‌డీ అని రాయి.

వేగం లెక్క కూడా చూసుకో. ఐఎస్ఓ 3 జీబీ అనుకుంటే 20 సిస్టమ్‌లకు 60 జీబీ, గిగాబిట్ లైన్ మీద కనీసం 8 నిమిషాలు. మూడు విడతలు చెయ్యి.

కాజీపేట_కేబుల్:
తప్పు ఎక్కడుందో సందేశమే చెప్తది. షిమ్ దశల 0ఎక్స్1ఏ సెక్యూరిటీ వయొలేషన్ అంటే గ్రబ్ సంతకం కుదరలేదు. 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అని గ్రబ్ అంటే కెర్నల్‌ది. ఎస్‌బ్యాట్ (పాత లోడర్లను రద్దు చేసే పద్ధతి) అని వచ్చి సిస్టమ్ ఆరిపోతే షిమ్ పాతబడ్డది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత డ్యూయల్ బూట్ సిస్టమ్‌లల్ల ఇది బాగ కనిపించింది.

కొన్ని కొత్త సిస్టమ్‌లల్ల మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్ మొదలే ఆపి ఉంటది. బయోస్‌ల ఆన్ చేయకపోతే షిమ్ దగ్గరే ఆగుతది. 2011 నాటి ఆ సర్టిఫికెట్ గడువు 2026 జూన్. ఇప్పటికే సంతకం ఉన్న షిమ్‌లు ఆ తర్వాత కూడ లేస్తయ్. కానీ 2023 సర్టిఫికెట్ ఒక్కదానితోనే సంతకమైన షిమ్ వస్తే, ఆ సర్టిఫికెట్ లేని ఫర్మ్‌వేర్ దాన్ని ఒప్పుకోదు. బయోస్ అప్‌డేట్లు ఇప్పుడే వేయి.

ఓరుగల్లు_ల్యాబ్:
ఇన్‌స్టలేషన్ నడుమ కరెంటు పోతే? అయిపోయినంక మళ్ల నెట్‌వర్క్ నుంచే లేచి అంతా తుడిచేస్తే?

గోదావరిఖని_షిఫ్ట్:
రెంటికీ ఒకటే మందు. గ్రబ్ మెనూల డిఫాల్ట్ ఎప్పుడూ లోకల్ డిస్కే పెట్టు. మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు నంబర్) జాబితాల ఉన్నదానికే ఇన్‌స్టలేషన్ దారి ఇయ్యి. లేట్-కమాండ్స్ (ఇన్‌స్టలేషన్ చివర నడిచే ఆదేశాలు) చివరి లైన్ల సర్వర్‌కు ఒక కబురు పంపించి ఆ మ్యాక్‌ను జాబితాల నుంచి తీసెయ్యి. నడుమ కరెంటు పోతే కబురు పోదు కాబట్టి మళ్ల మొదటినుంచి నడుస్తది. సర్వర్, స్విచ్ రెండూ యూపీఎస్ మీద పెట్టు.