ఫొటోల విషయంలో ‘ఎగుమతి’ అనవచ్చునా?

ప్రశ్న: మైలాపూరు, చెన్నై

సభ్యులకు నమస్కారం. చెన్నైలో ఉన్న తెలుగు ఛాయాగ్రాహకులం కొందరం కలిసి, ఫొటోల క్యాటలాగు సాఫ్ట్‌వేర్లను కొత్తగా వాడేవారి కోసం ఒక చిన్న కరదీపిక రాస్తున్నాము. అందులో ఒక అధ్యాయానికి ‘ఎగుమతి చేసిన చిత్రాల నిర్వహణ’ అని పేరు పెట్టగా, చిత్తుప్రతి చదివిన ఒక పెద్దావిడ, ‘ఎగుమతి చేసేశాక ఇక మన దగ్గర ఏం మిగులుతుంది నాయనా, నిర్వహించడానికి?’ అని అడిగారు. మెనూలో ఎక్స్‌పోర్ట్ అని కనిపించే పనికి ఎగుమతి తప్ప మరో మాట మాకు తోచలేదు. ఇక్కడి తమిళ మిత్రులు కూడా ఏట్రుమది అనే అంటున్నారు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు: మల్లేశ్వరం, బెంగళూరు

ఆ పెద్దావిడ అడిగినది సరైన ప్రశ్న. ఎగుమతి, దిగుమతి అన్నవి రేవు మాటలు: సరుకును ఓడకు ఎక్కిస్తే ఎగుమతి, ఓడనుంచి దించితే దిగుమతి. తమిళంలోని ఏట్రుమది, ఇఱక్కుమది కూడా అచ్చంగా ఈ ఎక్కింపూ దింపూ చెప్పేవే. మా ఊళ్లో కన్నడిగులు వాడే రఫ్తు, ఆమదు పారసీకం నుంచి వచ్చినవి. వెళ్లడం, రావడం అన్న క్రియల నుంచి అవి ఏర్పడ్డాయి. ఏ భాషలో చూసినా, వెళ్లిన సరుకు ఇక గోదాములో ఉండదు. క్యాటలాగు సాఫ్ట్‌వేరులో జరిగేది అది కాదు.

అడోబీ వారి ఫొటో క్యాటలాగు సాఫ్ట్‌వేరు లైట్‌రూమ్‌నే (ఇప్పటి పేరు లైట్‌రూమ్ క్లాసిక్) తీసుకుందాం. 2007లో వచ్చిన తొలి విడుదల నాటినుంచీ అది మూలచిత్రపు పిక్సెళ్లను ముట్టుకోదు. మనం వెలుతురు పెంచినా, అంచు కత్తిరించినా, రంగు సవరించినా ఆ సవరణ ఒక ఆదేశంగా క్యాటలాగు ఫైలులో నమోదవుతుంది. ఎగుమతి అన్నప్పుడు సాఫ్ట్‌వేరు ఆ ఆదేశాలన్నిటినీ అమలు చేసి, ఫలితాన్ని మనం కోరిన కొలతలో, జేపెగ్‌గానో టిఫ్‌గానో, వేరే ఫైలుగా రాసి మనం చూపిన ఫోల్డరులో పెడుతుంది. మూలం ఉన్నచోటే ఉంటుంది. పోయింది ఏమీ లేదు, కొత్తగా ఒకటి పుట్టింది. దిగుమతి విషయం కూడా ఇంచుమించు ఇంతే. ఫైలును కదల్చకుండా దాని చిరునామాను మాత్రం రాసుకొనే వీలు అక్కడ ఉన్నది కనుక, దానిని నమోదు అంటే ఎక్కువ సరిగ్గా ఉంటుంది. గ్రంథాలయపు క్యాటలాగులో పుస్తకం ఉండదు, అది ఏ అరలో ఉన్నదో మాత్రమే ఉంటుంది. (ఫొటో దిగేది మనమైతే దిగుమతి అయ్యేది ఫొటో కావడం తెలుగులోనే సాధ్యమయ్యే తమాషా.)

మెనూ మాటగా ఎగుమతి ఇప్పటికే స్థిరపడిపోయింది. కరదీపికలో మరో మాట పెడితే చదువరి తెరమీద దానికోసం వెతుక్కోవలసి వస్తుంది. కనుక పని పేరును అలాగే ఉండనిచ్చి, దానివల్ల పుట్టిన ఫైలును మాత్రం ‘ఎగుమతి చేసిన చిత్రం’ అనకుండా ‘ప్రతి’ అనండి. ప్రతి తీయడం, నకలు తీయడం, ఫొటో తీయడం అని మూడింటికీ ఒకే క్రియ వాడే అలవాటు మనకు ఎలాగూ ఉన్నది. ఇక నిర్వహణ అన్న మాట సభలకూ సంస్థలకూ తగినది. ఫైళ్లను మనం సర్దుకుంటాము.

అభ్యంతరం: పెరంబూరు, చెన్నై

ప్రతి అన్న మాటకు నేను అంత సులభంగా ఒప్పుకోలేను. తాళపత్రాల చివర లేఖకులు రాసే శ్లోకం మీకు తెలియనిది కాదు: ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా’. మాతృకలో ఏమి చూశానో అదే రాశాను, తప్పొప్పులు నావి కావు అని లేఖకుడు చెప్పుకుంటాడు. బ్రౌన్ సేకరించిన తెలుగు గ్రంథాలను దాచిన మా చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ప్రతి అంటే ఈ అర్థమే. ఎగుమతిలో పుట్టే జేపెగ్ అలాంటిది కాదు. కెమెరా పట్టిన వివరాన్ని కుదించకుండా, రంగులు దిద్దకుండా దాచే ‘రా’ (raw) ఫైలు సాధారణంగా 12 లేదా 14 బిట్ల వివరాన్ని పట్టి ఉంచితే, జేపెగ్ ఒక్కొక్క రంగుకు 8 బిట్లతో సరిపెట్టుకుంటుంది, పైగా కుదింపులో ఇంకొంత పోగొట్టుకుంటుంది. కొలత తగ్గించవచ్చు, పేరు ముద్ర వేయవచ్చు, తీసిన చోటు వివరం తొలగించవచ్చు. ఇన్ని మార్పులు జరిగినదానిని ‘తాదృశం’ అనడం ఎలా?

జవాబు: మల్లేశ్వరం, బెంగళూరు

అభ్యంతరం న్యాయమైనదే. అయితే ప్రతులలో మాతృకకు నకలు ఒక్కటే లేదు. ప్రశ్న వేసినవారే తమ మొదటి వాక్యాలలో చిత్తుప్రతి అన్నారు. కొట్టివేతలూ అంచు రాతలూ నిండిన చిత్తుప్రతిని పక్కన పెట్టుకొని, ఆ దిద్దుబాట్లన్నిటినీ పాటిస్తూ వేరే కాగితం మీద రాసేది శుద్ధప్రతి. ఎగుమతిలో జరిగేది సరిగ్గా ఇదే.

ఈ మాట వాడితే మీ అధ్యాయంలో చెప్పవలసినదంతా దానివెంటే వస్తుంది. శుద్ధప్రతి రాసిన తరువాత చిత్తులో మరో మాట దిద్దితే అది శుద్ధప్రతిలోకి తనంతట తాను చేరదు, మళ్లీ రాయాలి. లైట్‌రూమ్ క్లాసిక్ చరిత్ర పట్టీలో ఎగుమతి జరిగిన తేదీ కనిపిస్తుంది కానీ, ఆ ఫైలు తరువాత ఏ ఫోల్డరుకు వెళ్లిందో, ఉన్నదో లేదో క్యాటలాగు గమనించదు. డార్క్‌టేబుల్ అనే మరో క్యాటలాగు సాఫ్ట్‌వేరు కూడా ఎగుమతి అయిందన్న ట్యాగును మూలచిత్రానికి తగిలించి ఊరుకుంటుంది. పంపిన ప్రతికీ మూలానికీ లంకె నిలిచి, మూలం మారినప్పుడు ‘దీనిని మళ్లీ ప్రచురించాలి’ అని గుర్తుచేసే వసతి కావాలంటే, లైట్‌రూమ్‌లో ఎగుమతిని కాక ప్రచురణ సేవలను (పబ్లిష్ సర్వీసెస్) వాడాలి. వీటి గురించి కొత్తవారికి ఎవరూ చెప్పరు, మీరైనా చెప్పండి.

ఎగుమతి పెట్టెలో ‘ఈ క్యాటలాగుకు చేర్చు’ అన్న గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. పెడితే శుద్ధప్రతి చిత్తుప్రతుల కట్టలో చేరి, తన సవరణల చరిత్ర లేని మరో మూలంలాగా కనిపిస్తుంది. ఎవరో దానినే దిద్ది మళ్లీ ఎగుమతి చేస్తే జేపెగ్ రెండోసారి కుదింపుకు గురవుతుంది. ప్రతులకు వేరే ఫోల్డరు కేటాయించి, ఫైలు పేరులో మూలం సంఖ్యను మార్చకుండా ఉంచి, చివర వాడుకను మాత్రం జోడిస్తే చాలు. వాట్సాప్‌కు పంపిన చిన్న ప్రతులను పంపగానే తుడిచివేయవచ్చు, కావలసినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు. డబ్బు తీసుకొని ఇచ్చినవీ, అచ్చుకు వెళ్లినవీ దాచవలసినవే. సవరణలు తరువాత మారితే, ఆ రోజు ఇచ్చినది ఏదో చూపడానికి ఆ ప్రతికి మించిన ఆధారం ఉండదు.

ప్రశ్న: మైలాపూరు, చెన్నై

ధన్యవాదాలు. అధ్యాయం పేరును ‘శుద్ధప్రతులను సర్దుకోవడం’ అని మారుస్తున్నాము. అయితే ఇప్పుడొక చిక్కు వచ్చింది. లైట్‌రూమ్‌లో వర్చువల్ కాపీ అని మరొకటి ఉన్నది. ఒకే ఫొటోను రంగుల్లో ఒకసారి, నలుపు తెలుపుల్లో ఒకసారి దిద్దుకోవడానికి వాడతారు. డిస్కులో రెండో ఫైలు పుట్టదు, ఆదేశాల జాబితా మాత్రమే రెండవుతుంది. ప్రతి అన్న మాటను ఎగుమతికి ఇచ్చేశాక దీనిని ఏమనాలి?

జవాబు: పెరంబూరు, చెన్నై

దీనికి పాత గ్రంథాల ప్రతులను పోల్చి సరిచూసే మన పరిష్కర్తల మాటే ఉన్నది: పాఠాంతరం. ఒకే గ్రంథానికి మరో పాఠం ఉన్నదని చెప్పాలే కానీ, మరో గ్రంథం ఉన్నదని కాదు. క్యాప్చర్ వన్‌లో ఈ ఏర్పాటుకు వేరియంట్ అన్న పేరు వాడుతున్నారు కాబట్టి, ఆ సాఫ్ట్‌వేరు వాడేవారికి కూడా ఈ మాట వింతగా ఉండదు. పాఠాంతరానికి ఫైలు ఉండదని, ఆ పాఠంలో శుద్ధప్రతి తీసినప్పుడే దానికొక ఫైలు ఏర్పడుతుందని మీ కరదీపికలో ఒక వాక్యం చేర్చండి. ‘తాదృశం’ విషయంలో నా అభ్యంతరాన్ని విరమించుకుంటున్నాను.