ఫోటోలు కుట్టడమా, అతికించడమా?

మొన్న గండికోట లోయ ఫోటో ఒకటి మన గ్రూపులో పెట్టి, కింద “ఏడు ఫోటోలు కుట్టి ఒకటి చేశాను” అని రాశాను. చాలామంది ఫోటో వదిలేసి ఆ ‘కుట్టి’ దగ్గరే ఆగిపోయారు. కుట్టడం బట్టలకి కదా, ఇంగ్లీషులో స్టిచ్చింగ్ అన్నారని మక్కీకి మక్కీ దించేస్తే ఎలా, అతికించడం అనే చక్కటి మాట ఉందిగా అని ఒకరు, కలపడం అంటే చాలదా అని ఇంకొకరు. అలా అడగడం నాకు నచ్చింది. ఆ మాట నేను ఆలోచించుకునే రాశాను, అందుకే కామెంటులో కాకుండా విడిగా పోస్టు పెడుతున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు పని ఏంటో చెప్పాలి, పని తెలియకుండా మాట తేలదు. పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్ళే ఆ లోయ అంచున నిలబడితే ఎడమ చివర నుంచి కుడి చివర దాకా కనిపించేది ఒక్క ఫోటోలో పట్టదు. అందుకని కెమెరా నిలువుగా పట్టుకుని ఎడమ పక్క ఒకటి, కొంచెం తిప్పి ఇంకొకటి, ఇంకొంచెం తిప్పి మరొకటి, అలా ఏడు తీశాను. స్టాండు లేదు, చేత్తోనే. తీసేటప్పుడు వెలుతురు సెట్టింగూ, రంగుల సెట్టింగూ, ఫోకసూ ఆటోలో వదలకుండా ఒకచోట బిగించేశాను, లేకపోతే ఒక ఫోటోలో ఆకాశం తెల్లగా, పక్కదాంట్లో నీలంగా వస్తుంది. ఇంటికొచ్చాక హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఒకటిగా చేశాను. దానికి డబ్బు కట్టక్కర్లేదు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, దాని కోడ్ ఎవరైనా తీసి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ప్రొఫెసర్ 1990ల చివర్లో రాసిన పనోరమా టూల్స్ అనే ప్రోగ్రాంలు దీనికి పునాది. ఇలా కుట్టిన వెడల్పాటి ఫోటోని పనోరమా అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఏడు ఫోటోల్నీ పక్కపక్కన అంచుకు అంచు ఆనించి పెడితే బొమ్మ రాదు. ప్రతి ఫోటోలో దాదాపు మూడో వంతు, పక్క ఫోటోలో ఉన్నదే మళ్ళీ ఉండాలి. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. రెండింటిలోనూ కనిపించే ఒకే రాతి కొస, ఒకే తుమ్మచెట్టు మొదలు, గోడ మీద ఒకే పగులు వెతికి పట్టుకుని, ఇదీ అదీ ఒకటే అని హ్యూగిన్ జత గుర్తులు పెడుతుంది. వాటిని కంట్రోల్ పాయింట్లు అంటారు. ఆ జతలు వీలైనంత దగ్గరగా ఒకదాని మీద ఒకటి కూర్చునేలా ఫోటోల్ని తిప్పుతుంది, వంచుతుంది, సర్దుతుంది.

నాకు ఇది చూసినప్పుడల్లా మా నాయనమ్మ విస్తరి కుట్టడమే గుర్తొస్తుంది.

మోదుగాకులు దొంతరగా పక్కన పెట్టుకునేది. నడిమికి ఒక పెద్దాకు. దాని అంచు మీదికి రెండో ఆకు అంచు రెండు వేళ్ళ వెడల్పు ఎక్కించి, సన్నటి ఈనె పైనుంచి గుచ్చి, కిందినుంచి మళ్ళీ పైకి తెచ్చి, పుటుక్కున తుంచేది. ఇంకో ఆకు, మళ్ళీ ఈనె. విస్తరి గుండ్రంగా తిరుగుతూ పోయేది, ఆమె చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండేది. పక్కన కూర్చుని నేనూ కుట్టేవాణ్ణి. అంచు తక్కువ ఎక్కిస్తే “చారు కారిపోతుంది, ఇంకొంచెం ఎక్కనీ” అనేది. మరీ ఎక్కువ ఎక్కిస్తే ఆకులు దండగ, విస్తరి చిన్నదైపోతుంది. కుట్టినవన్నీ పేర్చి పైన బరువు పెడితే గానీ చదును కావు.

ఇందులో దారం లేదు, సూది లేదు, మిషను లేదు. అయినా మనవాళ్ళు ఆ పనిని విస్తరి అతికించడం అనలేదు, కుట్టడం అన్నారు. అంచు మీద అంచు ఎక్కించి, అక్కడక్కడ గుచ్చి నిలపడాన్ని కుట్టడం అంటున్నాం. ఫోటోలకి జరిగేదీ అదే. ఈనె గుచ్చిన చోటు కంట్రోల్ పాయింటు. ఓవర్‌ల్యాప్‌కి మాట కావాలంటే ‘అంచు ఎక్కించడం’ ఉండనే ఉంది, నాయనమ్మ నోటి మాట, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ సూదీదారం చూసుకుని స్టిచ్ అనుకున్నారేమో, మనకి ఆ మాట విస్తరి దగ్గర్నుంచి సొంతంగా వస్తుంది. రెండూ ఒకచోట కలిశాయని మనది అరువు మాట అయిపోదు.

అతుకు అనే మాటని నేను తోసేయడం లేదు. దానికి వేరే చోటుంది. చీరకి అతుకు వేశారు, గోడలో అతుకు తెలుస్తోంది, అతుకుల బొంత, ఇవన్నీ చూడండి. కుట్టు అన్నప్పుడు మన ధ్యాస చేసే పని మీద ఉంటుంది, అతుకు అన్నప్పుడు కనబడే గీత మీద ఉంటుంది. అందుకని ఫోటోల దగ్గర నేను వాడేది ఇలా: మనం చేసేది కుట్టడం, రెండు ఫోటోలు కలిసిన గీత అతుకు, అది తెలియకుండా ఉంటే కుట్టు బాగున్నట్టు. కలపడం అన్నది తప్పు కాదు గానీ, పాలూ నీళ్ళూ కూడా కలుపుతాం, చేతులూ కలుపుతాం, పని ఏంటో ఆ మాటలో తెలియదు.

ఈ పోస్టు కింద ఒక సభ్యురాలు: బాగుందండీ. కానీ “అతికినట్టు సరిపోయింది” అంటాం కదా, అది మెచ్చుకోలే కదా? అతుకు అంటే లోపమే అన్నట్టు రాశారు.

నా జవాబు: నిజమేనండీ, ఆ మాట నేను పైనే రాయాల్సింది. అతకడం వేరు, అతికించడం వేరు. అతకడం దానంతట అది జరిగేది. ఎముక అతికింది అంటాం, ఆ మాట అతకలేదు అంటాం. అతికించడం మనం జిగురు పెట్టి చేసేది. కాబట్టి “కుట్టాను, అతికింది” అని రెండూ ఒకే వాక్యంలో హాయిగా ఇముడుతాయి. నా గండికోట ఫోటోలోనే చూపిస్తాను. లోయ అవతలి గట్టు చక్కగా అతికింది, ఎంత పెద్దది చేసి చూసినా గీత దొరకదు. నా కాళ్ళ దగ్గరి ఎర్రబండ మాత్రం అతకలేదు. బండ మీద ఒక పగులు పొడుగ్గా పోతుంది కదా, మధ్యలో ఒకచోట బెత్తెడు పక్కకి జరిగి మళ్ళీ మొదలవుతుంది, మెట్టు పడ్డట్టు. ఇవతలి పగులూ అవతలి పగులూ ఒకటే, కానీ కలవవు.

కారణం కూడా చెప్తాను, చేత్తో తీసేవాళ్ళందరికీ వచ్చే ఇబ్బంది ఇదే. ఒక కన్ను మూసి, బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని తల పక్కకి జరిపి చూడండి, వేలు గోడ మీద ఒకచోటు నుంచి ఇంకోచోటికి జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. కెమెరా చేత పట్టుకుని మనం నడుం తిప్పితే మన ఒళ్ళు ఇరుసు అవుతుంది, కెమెరా ఆ ఇరుసు చుట్టూ జానెడో మూరెడో జరుగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న అవతలి గట్టుకి ఆ జానెడు లెక్కలోకి రాదు. గజం దూరంలో ఉన్న బండకి వస్తుంది. ఒక ఫోటోలో బండ పక్క కనబడుతుంది, తర్వాతి దాంట్లో ఆ పక్కే మరుగున పడుతుంది. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కుట్టలేదు. అందుకని మనం కెమెరా చుట్టూ తిరగాలి, కెమెరా ఉన్నచోటే ఉండాలి. విస్తరి తిరిగేది, చెయ్యి ఉన్నచోటే ఉండేది అన్నాను చూడండి, ఇక్కడా ఒకటి కదలకుండా ఉంటేనే పని జరుగుతుంది. లెన్సు కిందినుంచి ఒక దారం వేలాడదీసి, చివర చిన్న బరువు కట్టి, అది నేల మీద పెట్టిన ఒక గులకరాయి పైనే ఉండేలా చూసుకుంటూ తిప్పితే చేత్తో కూడా చాలా బాగా వస్తుంది. రెండోసారి వెళ్ళినప్పుడు అలాగే తీశాను, బండ అతికింది.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు: అన్నా, సరిగ్గా కూర్చున్నా కూడా రెండు ఫోటోల మధ్య రంగు తేడా గీతలా పడుతుంది కదా. అది పోగొట్టే పనిని ఏమనాలి?

నా జవాబు: మీ ఊళ్ళోనే ఉంది తమ్ముడూ ఆ మాట. రఫూ. మంచి ప్యాంటుకి మేకు తగిలి చిల్లు పడితే రఫూ చేయించుకుంటాం, చేసినవాడి పనితనం అంతా చిల్లు ఎక్కడ పడిందో మనమే వెతుక్కునేలా చేయడంలో ఉంటుంది. మాట ఉర్దూ నుంచి వచ్చినా తెలుగులో కుదురుకున్నదే. హ్యూగిన్‌లో ఆ పని ఎన్‌బ్లెండ్ అనే తోడు ప్రోగ్రాం చేస్తుంది. అది చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. 1983లో బర్ట్, ఏడెల్సన్ అనే ఇద్దరు రాసిన పద్ధతి అది. ఆకాశం రంగులాంటి మెల్లగా మారే వాటిని చాలా వెడల్పు మేర ఒకదానిలోకి ఒకటి కరిగిస్తుంది, గడ్డిపోచలూ రాతి గరుకూ లాంటి సన్న వివరాల్ని మాత్రం గీతకి చాలా దగ్గరలోనే ముగిస్తుంది. అన్నిటినీ ఒకే వెడల్పులో కరిగిస్తే ఆకాశంలో చార మిగులుతుంది, లేదంటే గడ్డి రెండుగా మసకగా వస్తుంది. రఫూ చేసేవాళ్ళు కూడా గుడ్డ నేత చూసి పోగు ఎంచుకుంటారు.

ఇంకొకరు: అన్నీ చెప్పారు, అసలు పనోరమాకి తెలుగేంటి? విహంగ వీక్షణం అనొచ్చా?

నా జవాబు: విహంగ వీక్షణం వద్దండీ, అది పైనుంచి కిందికి చూసే చూపు. ఇక్కడ మనం నేల మీద నిలబడి చుట్టూ చూస్తున్నాం. సర్వదృశ్యం లాంటివి తయారు చేయొచ్చు గానీ, మనకి ఇంతకంటే మంచి మాట పాతదే ఒకటి ఉంది, కలయజూడడం. కలయ అంటే అంతటా. “సభనంతా కలయజూశాడు” అని పాత కథల్లో చదివే ఉంటారు, పేపర్లో ఇప్పటికీ “ఆవరణంతా కలియతిరిగారు” అని రాస్తూనే ఉన్నారు. దాన్నుంచి ‘కలయచూపు’ అనుకుందాం.

పనోరమా అనేది గ్రీకు ముక్కలతో కూర్చిన మాట. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ఎడిన్‌బరోలో కొండ మీదినుంచి కనబడేదంతా గుండ్రటి గోడ మీద చుట్టూ గీసి, మధ్యలో నిలబడి చూసేలా చేసే పద్ధతికి 1787లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి దానికి పనోరమా అని పేరు పడింది. పాన్ అంటే అంతా, హోరామా అంటే చూపు, కనిపించేది. కలయ, చూపు. ముక్కకి ముక్క సరిపోతోంది. పైగా కలయడం అంటే కలుసుకోవడం కూడా కాబట్టి, ముక్కలు కలిసి అయిన చూపు అనే అర్థం మన మాటలో అదనంగా ఉంది, గ్రీకు మాటలో అది లేదు. ఇది తట్టిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పనోరమా అన్నా ఎవరికీ అభ్యంతరం లేదు, అందరికీ తెలిసిన మాటే. నేను మాత్రం ఇకనుంచి ఫైలు పేర్లు కలయచూపు 1, కలయచూపు 2 అనే పెట్టుకుంటాను.

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు: నాది మాట సంగతి కాదండీ, పని సంగతి. బీచ్‌లో తీసిన ఎనిమిది ఫోటోలు హ్యూగిన్‌లో వేస్తే సముద్రం అరటిపండులా వంగి వచ్చింది, మా చెల్లి సగమే ఉంది. టెన్షన్‌గా ఉంది, ఆ రోజు ఫోటోలు అవే ఉన్నాయి.

నా జవాబు: కంగారు పడకండి, రెండూ సర్దుకునేవే. మీరు కెమెరా కొంచెం కిందికో పైకో వంచి తీసి ఉంటారు, సాఫ్ట్‌వేర్‌కి నిటారు ఏదో తెలియలేదు. ఏదైనా నిలువుగా ఉన్నది, దీపస్తంభమో గుడిసె గుంజో ఫోటోలో ఉంటే, దాని పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెట్టి, ఇది నిలువు గీత అని చెప్పండి. కనీసం రెండు మూడు చోట్ల అలా చెప్పి మళ్ళీ సర్దిస్తే సముద్రం తిన్నగా వస్తుంది. అలల మీద, మబ్బుల మీద పడిన గుర్తులు మాత్రం తీసేయండి. ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య అవి కదిలిపోతాయి, కదిలే ఆకుకి ఈనె గుచ్చినట్టే. ఇసుక మీద, పడవల మీద, గట్టు మీద ఉన్నవి చాలు. ఇంకొకటి, ఫోటోని పరిచే తీరు సిలిండ్రికల్ అని ఎంచుకోండి, డబ్బా చుట్టూ ఉన్న లేబుల్ విప్పి నేల మీద పరిచినట్టు వస్తుంది. రెక్టిలీనియర్, అంటే తిన్నటి గీతల్ని తిన్నగానే ఉంచే తీరు, పెడితే ఇంత వెడల్పు ఫోటోకి చివరలు సాగిపోతాయి.

చెల్లెలి సంగతి. ఆమె నడుస్తూ ఉండి ఉంటుంది, అతుకు సరిగ్గా ఆమె మీద పడింది. ఏ ఫోటోలో ఆమె పూర్తిగా ఉందో చూసి, మాస్క్ అనే చోట ఆమె చుట్టూ గీత గీసి, ఇది తప్పకుండా ఉంచు అని పెట్టండి. పక్క ఫోటోలో ఆమె సగం ఉన్న చోట గీసి, ఇది వదిలేయి అని పెట్టండి. అతుకు ఆమెను తప్పించుకుని పక్కనుంచి పోతుంది. ఒక్క ఫోటోలో కూడా ఆమె పూర్తిగా లేకపోతే నాకు ఆ రెండు ఫోటోలూ పంపండి, రాత్రికి కూర్చుని చూస్తాను.